సెలవులకు తాళం పడితే

ఒంటిమిట్ట కోదండరాముడి గుడి చెప్పుకుంటే వాసుదాసుగారి టెంకాయ చిప్ప చెప్పుకోకుండా ఉండలేం. రెవెన్యూ ఉద్యోగం చేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేసిన ఈ వాసుదాసు, అంటే వావిలికొలను సుబ్బారావు (1863–1936), ఆ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగారు. అందులో పడిన కానుకలతోనే పాడుబడిన గుడిని బాగు చేయించారు. దేవుడి ఇల్లు అలా నిలబడింది. అదే రాయలసీమలో ఇల్లులేని పిల్లలకు నీడ ఎలా దొరికిందని వెతుక్కుంటూ వెళ్తే అక్కడా ఇలాంటి చిప్పే కనిపిస్తుంది. ఒకరు చోటిచ్చారు, మరొకరు కూడు పెట్టారు. ఏ ఒక్కరూ మొత్తం బరువు మోయలేదు.

అన్నిటికన్నా పాతది వారాల పద్ధతి. చదువుకోవడానికి ఊరు దాటి వచ్చిన పిల్లవాడు సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో, అలా ఏడు ఇళ్లలో అన్నం తినేవాడు. రాత్రికి ఏ అరుగు మీదో, గుడి మండపంలోనో చాప పరచుకునేవాడు. ఏడు ఇళ్లవాళ్లు తలా ఒక రోజు పంచుకుంటే ఎవరికీ భారం అనిపించదు. ఈ ఏర్పాటులోని తెలివిని నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ ఆ ఏడు తలుపులూ కులం చూసే తెరుచుకునేవి. మాలమాదిగ పిల్లవాడికి వారం ఇచ్చే ఇల్లూ లేదు, పడుకోనిచ్చే మండపమూ లేదు. తర్వాత వందేళ్లలో జరిగిన ప్రయత్నాలలో చాలా భాగం ఈ లోటు పూడ్చడానికి జరిగినవే.

1876లో మొదలైన ధాత కరువు పిల్లల్ని వేల సంఖ్యలో రోడ్డున పడేసింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కల పక్కన 1881 లెక్కలు పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. అమ్మానాన్నలు పోయిన పిల్లల్ని క్రైస్తవ మిషన్లు చేరదీశాయి. లండన్ మిషనరీ సొసైటీ 1822 నుంచే కడపలో ఉంది. బడికి ఆనుకుని బోర్డింగు, అందులో అన్నం, ఒక చేతిపని. నీడతోపాటు బతుకుతెరువు కూడా నేర్పాలన్న ఆలోచన సీమలో ఇలా వేరూనింది. ఆ నీడకు మతం ముడిపడి ఉందన్న మాట నిజమే. అయినా ఆకలితో చావబోయే బిడ్డ ప్రాణం అక్కడ నిలిచిందన్నదీ నిజమే.

కోస్తాలో కందుకూరి వీరేశలింగంగారి దారి వేరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిన నాటికి, పుట్టింట్లోనూ అత్తింట్లోనూ చోటులేని ఆడపిల్లలకు ఆయన ఇల్లే ఆశ్రయమైంది. సంస్కరణ అంటే ముందు ఒక గది, ఒక చాప, ఒక పూట భోజనం అని ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారి వంటిల్లు తెలుసుకున్నంతగా ఉపన్యాస వేదికలు తెలుసుకున్నాయని నేననుకోను.

1920ల నుంచి మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ అణగారిన కులాల పిల్లలకు హాస్టళ్లు తెరవడం మొదలుపెట్టింది. 1932లో పుట్టిన హరిజన సేవక సంఘమూ ఆ పని అందుకుంది. అప్పుడు వచ్చిన హాస్టలే ఇప్పటికీ మన ప్రధానమైన ఆశ్రయం. ఎస్సీ హాస్టల్, బీసీ హాస్టల్, ట్రంకు పెట్టె, కాస్మొటిక్ ఛార్జీలు: ఈ మాటలు వినకుండా పెరిగిన పేదింటి పిల్లలు రాయలసీమలో తక్కువ. 1972లో హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో గురుకుల పాఠశాల వచ్చింది. వెట్టిచాకిరీ నుంచి విడిపించిన బిడ్డకు వెంటనే ఒక పడక చూపించకపోతే మళ్లీ జీతానికే పోతాడు. ఆ సంగతి ఎరిగిన అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాల వెనుక ఉన్నది ఆయన పట్టుదలే.

హాస్టల్ గొప్ప మేలు చేసింది. ఆ మాట గట్టిగా చెప్పాకే దాని లోపం చెప్పాలి. హాస్టల్ విద్యార్థికి చోటిస్తుంది, ఇల్లులేనివాడికి కాదు. దసరాకో సంక్రాంతికో సెలవులిస్తే తాళం పడుతుంది. అందరూ సంచులు సర్దుకుంటుంటే, పోవడానికి ఊరు లేనివాడు ఏ దోస్తు ఇంటికి పోవాలా అని లెక్కలు వేసుకుంటాడు. రాజంపేట, రాయచోటి వైపు ఈ లెక్క ఇంకా కష్టం. తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి ఉంటుంది, బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతుంటాడు. అవ్వ పోతే ఇల్లు ఉన్నా ఇల్లు కాదు.

ఇక రైలు ఎక్కేసిన పిల్లల సంగతి. ఒంటిమిట్ట మీదుగా పోయే లైను అటు మద్రాసుకు, ఇటు బొంబాయికి. ఇంట్లో దెబ్బలకో, చదువు తప్పినందుకో పారిపోయే పిల్లలకు స్టేషనే మొదటి గూడు. విజయవాడలో డాన్ బాస్కో ఫాదర్లు 1989లో నవజీవన్ బాల భవన్ మొదలుపెట్టింది ఇలాంటి పిల్లల కోసమే. అక్కడ రైల్వే, పోలీసు, సంస్థ కలిసి పనిచేయాల్సి వచ్చింది. ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లలో బ్రిడ్జి క్యాంపులు నడిపింది. పనిలో ఉన్న పిల్లవాణ్ణి కొన్నాళ్లు క్యాంపులోనే ఉంచి, అక్కడి నుంచి బడికి, హాస్టల్‌కు చేర్చింది. క్యాంపుకూ హాస్టల్‌కూ మధ్య చేయి వదలకపోవడమే ఆ పనిలో అసలు కిటుకు.

సర్కారు ఇళ్ల పథకాలు బడి వయసు దాటిన కుర్రవాళ్లను ఎన్నడూ చూడలేదు. ఎన్టీఆర్ కాలపు పక్కా ఇళ్లయినా, నిన్నమొన్నటి ఇంటి పట్టాలయినా కుటుంబాన్ని లెక్కపెట్టి ఇచ్చేవే. చేతిలో రేషన్ కార్డు ఉండాలి, పట్టా ఇల్లాలి పేరిట రావాలి. చదువు ఆగిపోయిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడు విద్యార్థి కాడు, కుటుంబమూ కాడు. హాస్టల్ జాబితాలోనూ ఉండడు, ఇళ్ల జాబితాలోనూ ఉండడు. 2013లో వచ్చిన నిరాశ్రయుల షెల్టర్ల పథకం పట్టణాలకే పరిమితం. పైగా అక్కడ ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, కూలీల మధ్య ఒక మూల పడుకోవడం నీడ అనిపించుకుంటుంది గానీ బతుకు మొదలుపెట్టే చోటు కాదు.

ఈ ఖాళీని చట్టం ఆలస్యంగా గుర్తించింది. 2015 బాలల న్యాయ చట్టం, దాని నిబంధనల ప్రకారం సంరక్షణ గృహం నుంచి 18 ఏళ్లకు బయటికొచ్చినవారికి 21 దాకా ఆసరా ఇవ్వొచ్చు, ప్రత్యేక సందర్భాల్లో 23 దాకా. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఆ ఆసరా నెలకు 4,000 రూపాయలు. కోవిడ్‌లో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నవారి కోసం 2021లో వచ్చిన పీఎం కేర్స్ పథకం 18 నుంచి 23 ఏళ్ల దాకా నెలనెలా భృతి ఇచ్చి, 23 నిండాక 10 లక్షలు చేతికిస్తుంది. పద్దెనిమిదో పుట్టినరోజుతో బాల్యం తెగిపోదని ప్రభుత్వమే ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద మలుపుగా కనిపిస్తుంది. అయితే డబ్బుతోనే గది దొరకదు. ఫ్రాన్సులో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పనికోసం పట్నాలకు వచ్చిన యువతకు వసతి గృహాలు కట్టారు. గదితోపాటు పని వెతకడంలో తోడుండే మనిషిని కూడా అక్కడే పెట్టారు. మనకు లేనిది ఆ మనిషే.

సంరక్షణ గృహం నుంచి బయటికొచ్చి, కడపలోనో రాజంపేటలోనో ఒక కుర్రవాడు మెకానిక్ షెడ్డులో పనికి కుదిరి, అద్దె గదికి పోయి అడిగితే ఇంటాయన అడ్వాన్స్ గురించి అడిగేది తర్వాత. ముందు అడిగేది, "మీ నాయన ఎవురప్పా? మీ పెద్దోళ్లను పిల్చకరా, మాట్లాడ్దాం" అని. పిల్చకరావడానికి ఎవరూ లేనివాడు షెడ్డు షట్టర్ వెనకే పడుకుంటాడు. నెలకు 4,000 ఖాతాలో పడుతూనే ఉంటుంది.