మాట వెనుక కథ: ఎన్సెంబుల్

ఫ్రెంచిలో ‘ఎన్సెంబుల్’ అంటే కలిసి. దాని మూలం లాటిన్ ‘ఇన్‌సిముల్’, అంటే ఏకకాలంలో. కలిసి వాయించే సంగీత బృందాన్నీ ఈ పేరుతోనే పిలుస్తారు. భౌతికశాస్త్రంలో ఈ మాట స్థిరపడింది విల్లర్డ్ గిబ్స్ 1902 నాటి పుస్తకంతో. ఒకే వ్యవస్థకు సాధ్యమైన స్థితులన్నిటినీ ఊహలో ఒకచోట చేర్చి చూడటం ఆయన పద్ధతి. 1992 చివర్లో ఐరోపా, అమెరికా వాతావరణ కేంద్రాలు తమ రోజువారీ అంచనాల్లోకి ఈ పద్ధతిని తెచ్చుకున్నాయి.

శీతోష్ణస్థితి లెక్కల్లో దీని విలువ తెలియాలంటే, అమెరికాలోని బౌల్డర్ శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన ప్రయోగం చూడాలి. ప్రపంచ శీతోష్ణస్థితిని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఒకటే, ఉద్గారాల లెక్కా ఒకటే. 1920 నాటి గాలి ఉష్ణోగ్రతలో మాత్రం డిగ్రీలో లక్ష కోట్లో వంతు కన్నా తక్కువ తేడా పెట్టి 30 సార్లు నడిపారు. అంతే! 1963 నుంచి 2012 దాకా ఉత్తర అమెరికా చలికాలాలు ఒక నడకలో బాగా వేడెక్కితే, ఇంకో నడకలో కొన్నిచోట్ల చల్లబడ్డాయి. ఇది మోడల్ లోపం కాదు. గాలీ సముద్రమూ తమంతట తాము పడే ఊగిసలాట, అంటే అంతర్గత వైవిధ్యం. ముప్పైటి సగటు తీస్తే ఆ ఊగిసలాట చాలావరకు సర్దుకుని, ఉద్గారాల ప్రభావం పైకి తేలుతుంది.

ఇదంతా ప్రపంచ మోడల్ సంగతి. ఒక ప్రాంతాన్నే లెక్కగట్టే ప్రాంతీయ మోడల్‌కు అంచుల్లోని గాలులు, తేమ ప్రపంచ మోడల్ నుంచి అందుతాయి కాబట్టి ఊగిసలాట కొంత అదుపులో ఉంటుంది. ప్రాంతం విస్తీర్ణం పెరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. అందుకే ఒకే నడకతో గీసిన జిల్లా వానల పటాన్ని నేను నమ్మను. ఎన్ని నడకలు, వాటి మధ్య తేడా ఎంత అన్నది పటం పక్కనే అచ్చు వేయాలి.