మీటరు కూలి, పన్నెండు గంటల పని: పాండేసర చెప్పే చరిత్ర

సూరత్ నగరంలోని పాండేసరలో మరమగ్గం కార్మికుడి కూలిని గంటలతో కొలవరు, మీటర్లతో కొలుస్తారు. మగ్గం మీద నుంచి దిగిన ప్రతి మీటరు గుడ్డకు ఇంత అని లెక్క. కరెంటు పోయినా, పడుగు తెగినా, జ్వరం వచ్చినా ఆ లెక్క ఆగిపోతుంది. గది అద్దె మాత్రం ఆగదు. ఆ పారిశ్రామిక వాడ చరిత్ర అంతా ఈ చిన్న ఏర్పాటులోనే ఇమిడి ఉంది. పనిగంటల చట్టాలను సడలించడానికి రాష్ట్ర ప్రభుత్వాలు పోటీ పడుతున్న వేళ ఆ చరిత్ర గుజరాత్‌కు మాత్రమే సంబంధించినది కాదు.

సూరత్ ఒకప్పుడు జరీకి, పట్టుకు పేరుపడిన రేవు పట్టణం. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడి నేత కృత్రిమ పట్టు వైపు, ఆపైన పాలిస్టర్ వైపు మళ్లింది. 1962లో ఏర్పడిన గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ నెలకొల్పిన వాడలలో పాండేసర ఒకటి. మరమగ్గాల షెడ్లు, అద్దకం, ముద్రణ మిల్లులు పక్కపక్కనే వెలిశాయి. 1982 నాటి బొంబాయి మిల్లు సమ్మె పెద్ద మిల్లుల పతనాన్ని వేగిరపరచింది. 1985 జౌళి విధానం కృత్రిమ నూలుకు తలుపులు బార్లా తెరిచింది. వస్త్రోత్పత్తి మిల్లుల నుంచి షెడ్లకు తరలింది. మిల్లు కార్మికుడు దశాబ్దాలు పోరాడి సాధించుకున్న భవిష్యనిధి, బోనస్, వేతనంతో కూడిన సెలవు, సంఘం మాత్రం ఆ వెంట తరలలేదు.

ఆ షెడ్లలోకి వచ్చినవారిలో ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావారు. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలూ వచ్చారు. చేతిమగ్గం కూడుపెట్టని కాలంలో షోలాపూర్, భివండీ, సూరత్ వారికి వలస దారులయ్యాయి. సిరిసిల్లలో సాంచెలని పిలిచే మరమగ్గాలే వారికి అక్కడా ఎదురయ్యాయి. తమ చేతిపనిని మింగిన యంత్రం దగ్గరే వారు కూలికి నిలబడ్డారు.

2025 దాకా అమలులో ఉన్న 1948 కర్మాగారాల చట్టం ప్రకారం పెద్దలకు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు పని పరిమితి ఉండేది. దానికి మించితే రెట్టింపు వేతనం. విద్యుత్తు వాడే చోట పదిమంది పనిచేస్తే చాలు, ఆ చట్టం వర్తించేది. అందుకే ఒకే కప్పు కింది మగ్గాలను కాగితాల మీద చిన్న చిన్న యూనిట్లుగా విడగొట్టి, వేర్వేరు పేర్లతో చూపే పద్ధతి సూరత్‌లో స్థిరపడింది. రోజుకు మూడు షిఫ్టులు ఉండవలసిన చోట రెండే నడిచాయి. ముగ్గురికి దక్కవలసిన పని ఇద్దరి భుజాల మీద పడింది. రోజుకు పన్నెండు గంటల చొప్పున ముప్పై రోజులు పనిచేస్తే 360 గంటలు. ఎనిమిది గంటల చొప్పున ఇరవై ఆరు రోజులైతే 208. ఈ రెండు అంకెల మధ్య దూరమే సూరత్ గుడ్డ చవకదనపు రహస్యాలలో ఒకటి.

కార్మికులే పన్నెండు గంటలు కోరుకుంటారని యజమానులు అంటారు. అందులో అబద్ధం లేదు. అయితే ఎనిమిది గంటలలో నేసిన మీటర్లతో ఇల్లు గడవని విధంగా రేటు కట్టినప్పుడు ఆ కోరికను సమ్మతి అనడం కష్టం. చిన్న షెడ్డు యజమాని కూడా స్వతంత్రుడు కాడు. నూలు ధర పెద్ద కంపెనీల చేతిలో, గుడ్డ ధర బజారు వ్యాపారి చేతిలో ఉంటాయి. మధ్యలో అతను కోత పెట్టగలిగింది ఒక్క కూలికే.

ఈ కార్మికులు ఎవరికీ కనబడని వారేమీ కాదు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపింది. బిడ్డ పేరు బడి రిజిస్టరుకు ఎక్కిన ఊరిలోనే తండ్రి పేరు హాజరు పుస్తకంలో ఉండదు. నగరం వారిని నివాసులుగా గుర్తించింది. పరిశ్రమ ఉద్యోగులుగా గుర్తించలేదు.

గుర్తింపు లేనివారికి మిగిలిన బేరం ఊరు విడిచిపోవడమే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది సూరత్ వదిలివెళ్లారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రపరచి దేశానికి ఆదర్శంగా నిలిపారు. షెడ్లలోని లెక్క మాత్రం మారలేదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో ఇంటికి పంపమని పాండేసర కార్మికులు వీధికెక్కితే బాష్పవాయువు, అరెస్టులు ఎదురయ్యాయి. ఆ సారి వెళ్లిపోయే హక్కు కూడా మిగలలేదు.

ఆ వెంటనే, ఏప్రిల్ 17న, గుజరాత్ ప్రభుత్వం కర్మాగారాలలో రోజుకు 12 గంటల పనిని, అదనపు గంటలకు రెట్టింపు వేతనం లేకుండా అనుమతించింది. అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, బకాయిలు చెల్లించమంది. ఆర్థిక మాంద్యం దేశ భద్రతకు ముప్పు తెచ్చే అత్యవసర పరిస్థితి కాదని తేల్చింది. 2025లో గుజరాత్ ప్రభుత్వం చట్టాన్నే సవరించి, వారానికి 48 గంటల పరిమితి ఉంచి, రోజుకు 12 గంటల వరకు మళ్లీ దారి తెరిచింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలూ పది గంటల పనిదినం వైపు అడుగులేశాయి.

వారపు పరిమితి ఉంది కదా, అదనపు వేతనం ఉంది కదా అన్నది ప్రభుత్వాల సమాధానం. ఆ రెండూ గంటలను ఎవరో ఒకరు నమోదు చేస్తేనే పనిచేస్తాయి. మీటరు కూలికి గంటల పుస్తకం లేదు. లేని పుస్తకంలో అదనపు గంట ఎక్కడ రాస్తారు? సడలింపుకు ముందే పాండేసరలో పన్నెండు గంటలు ఆచారం. కొత్త సవరణ ఆ ఆచారాన్ని చట్టం దగ్గరకు తీసుకురాలేదు, చట్టాన్నే ఆచారం దగ్గరకు దించింది.

కనుక గంటల మీద చర్చకు ముందు రావలసిన ప్రశ్నలు రెండు. హాజరు పుస్తకంలో పేరు ఉందా? ఎనిమిది గంటల మీటర్లు కనీస వేతనానికి సరితూగుతున్నాయా? సిరిసిల్ల నుంచి సూరత్ దాకా ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పని ప్రభుత్వానికి పనిదినాన్ని పొడిగించే నైతిక అర్హత లేదు.