మారే పండితుఁడు: మనుష్యగమన చ్ఛాయాచిత్రములు

మనుష్యులు నడచుట మనము నిత్యము చూచుచునే యున్నాము. కాని నడచువాని మడమ నేలఁ దాఁకిన క్షణమున రెండవ మోకా లెంత వంగి యుండునో చెప్పు మన్నచో మనకుఁ దెలియదు. కన్ను చలనము నంతయు నొక్కటిగాఁ జూచును గాని దాని భాగములను వేఱుపఱుపఁజాలదు. ఈ లోపమును దీర్చుటకై 19వ శతాబ్ది యుత్తరార్ధమున ఛాయాచిత్రములను వరుసగాఁ దీయు పద్ధతి పుట్టెను. దీనిని సినిమాకు బాల్యదశగా మాత్రమే వర్ణించుట వాడుక. ఆ వర్ణన చాలదని నా తలంపు. ఈ పద్ధతికి శాస్త్రరూప మొసఁగిన మారే కోరినది చలనమును మరలఁ జూపుట కాదు, దానిని గొలుచుట.

ఎతియెన్ జూల్ మారే ఫ్రాన్సుదేశమున బోన్ నగరమున 1830లో జన్మించెను. వైద్యమభ్యసించి, నాడి తన కదలికను దానే కాగితముపై రేఖగా వ్రాయునట్టి యంత్రమును 1860లో నిర్మించెను. పిమ్మట పాదరక్షల యడుగున గాలిగదుల నమర్చి యడుగుల నొత్తిడినిగూడ నట్లే వ్రాయించెను. పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును నొక్కమాఱు నేలను విడుచుట గలదని 1873లోఁ బ్రకటించిన గ్రంథమున నీ రేఖల యాధారముననే చూపెను.

1878లో అమెరికాయందలి పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జి, లీలండ్ స్టాన్‌ఫర్డు అను ధనికుని గుఱ్ఱమును 12 కెమేరాలతో వరుసగాఁ జిత్రించెను. దారికడ్డముగాఁ గట్టిన దారములు గుఱ్ఱము తగిలి తెగఁగా కెమేరాలు తెఱచుకొనెడివి. మారే మాట నిజమని యీ చిత్రములు చూపెను. అయితే గుఱ్ఱము నేలను విడుచునది, చిత్రకారులు వ్రాయుచు వచ్చినట్లు కాళ్లు చాఁచినపుడు గాక, కడుపుక్రింద ముడుచుకొన్నపుడని తేలెను.

మారే సంతోషించెను గాని తృప్తుఁడు కాలేదు. దారమును దెంచునది గుఱ్ఱమే కావున చిత్రముల నడిమి కాలము దాని వేగము ననుసరించి మాఱును. కెమేరాలు పండ్రెండు కావున చూచుచోటులును బండ్రెండే. కొలతకు స్థాన మొక్కటి కావలెను, కాలము సమము కావలెను. అందుచే 1882లో ఆతఁడు తుపాకివంటి యంత్రముచే నెగురు పక్షులను సెకండునకు 12 చిత్రముల చొప్పునఁ దీసెను. ఆ సంవత్సరముననే పారిసుచెంత నొక పరిశోధనస్థానము నెలకొల్పి జార్జి డెమెనీని సహాయకునిగాఁ గైకొనెను. అచట నల్లని మండపము నెదుట తెల్లని దుస్తులవాఁడు నడచును. కెమేరాలోఁ జీలికలుగల చక్రము తిరుగుచు సమకాలములందు వెలుతురును లోనికి విడుచును. నడకయంతయు నొక్క గాజుపలకపైఁ బడును.

ఇచటనే చిక్కు గలిగెను. చిత్రములు హెచ్చిన కొలఁది దేహము లొకదానిపై నొకటి పడి యేదియుఁ దెలియరాకుండెను. కాలమును సూక్ష్మముగాఁ గొలువఁబోయిన దేహ మడ్డము వచ్చెను. 1883లో మారే దేహమునే విడిచెను. మనుష్యునకు నల్లని దుస్తులు దొడిగి, చేతులకుఁ గాళ్లకుఁ దెల్లని పట్టీలును, కీళ్లకడఁ జుక్కలును నమర్చెను. పలకపై ముఖములేదు, కండలేదు. విసనకఱ్ఱవలె విచ్చుకొన్న రేఖలు మాత్రము మిగిలెను. చూడ్కి కది మనుష్యుఁడు గాదు. కొలువఁబోయినవానికి మాత్ర మంతకంటె నిజమైన నడక లేదు.

డెమెనీ మార్గము వేఱు. పలుకువాని పెదవుల చిత్రములను మరలఁ గదలునట్లు చూపు యంత్రమును నిర్మించి, దానిని వ్యాపారమునకుఁ దేఁ గోరెను. 1894లో గురుశిష్యులు విడిపోయిరి. మఱుసటి యేఁట ల్యూమియేరు సోదరులు సినిమాను బ్రదర్శించిరి. కన్ను చూచుదానినే మరలఁ జూపుటలో మారేకుఁ బ్రయోజనము గానరాలేదు.

మారేయు మైబ్రిడ్జియు నొక్క 1830లోనే పుట్టి 1904 మే నెలలోనే గతించిరి. నేఁడు వైద్యశాలలందు రోగుల నడకను బరీక్షించువారు కీళ్లపై మెఱయు గుఱుతుల నంటించి, దేహమును వదలి యా గుఱుతులనే యంత్రములచేఁ జదివించుచున్నారు. కొన్నిటిని జూడకుండుటచేతనే కొన్ని కనఁబడునని మారే యెఱిఁగిన సత్యమే యిందును బనిచేయుచున్నది.