మనకు మలుపు నేర్పిందెవరు?

బడి ఆటల పోటీల్లో ఒక పందెం ఉండేది. అందులో ముందొచ్చినవాడు ఓడినట్టు. కాలు కింద పెట్టకుండా, పక్క గీత తొక్కకుండా, అందరికంటే ఆఖరున గీత దాటినవాడిదే గెలుపు. స్లో సైకిల్ రేస్ అనేవాళ్లం. గెలిచే పిల్లల్ని కాస్త పరీక్షగా చూస్తే సంగతి తెలిసిపోయేది. వాళ్ల చూపు ముందు చక్రం మీద ఉండదు, ఎదురుగా దూరంగా ఉంటుంది. మోచేతులు బిగుసుకుపోవు. ఒక పక్క పెడలు మీద బలం వేస్తూనే ఇంకో పక్క వెనక బ్రేకు కొద్దిగా పట్టి ఉంచుతారు. పల్నాడులో నరసరావుపేట నుంచి మాచర్ల దాకా బండి నడిపే మనకు అసలైన శిక్షణ ఏదైనా దొరికిందంటే అది ఆ పందెంలోనే అని నా నమ్మకం. మిగతాదంతా దెబ్బలు తగిలించుకుని నేర్చుకున్నదే.

మన తాతల కాలంలో మలుపు ఒక విద్య. ఇరుకు సందులో జోడెడ్ల బండిని ఎడమకు తిప్పాలంటే దాపటి ఎద్దు పగ్గం బిగించి దాన్ని దాదాపు ఉన్నచోటే నిలపాలి, ఎలపటి ఎద్దును అదిలించి చుట్టూ నడిపించాలి. లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం జోరుగా తిరుగుతుంది. తొందరపడితే ఇరుసు గోడకు తగులుతుంది. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టే ఊళ్లవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. బండి మీద నిలబెట్టిన అంతెత్తు అలంకారపు ప్రభ ఊరి మలుపులో తిరుగుతుంటే మోకులు పట్టినవాళ్లు ఒక పక్క వదులు చేస్తూ, ఎదురు పక్క బిగిస్తూ, ఒక్కో అడుగే వేస్తారు. ఒరుగుతున్న బరువును ఎలా నిలబెట్టాలో వాళ్లకెవరూ పుస్తకంలో చెప్పలేదు. పెద్దవాళ్ల పక్కన మోకు పట్టుకుని నేర్చుకున్నారు. మోటారు బండి వచ్చేసరికి అలా పక్కన నిలబడి నేర్పే పెద్దమనిషి లేకుండా పోయాడు.

1955లో మద్రాసులో బుల్లెట్ బండ్లు చేసే ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఒకదానికొకటి సంబంధం లేకపోయినా పల్నాటి బండి కథకు ఈ రెండూ కావాలి. 1961లో మైసూరులో జావా, 1962లో ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ తయారవడం మొదలైంది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ నీళ్లతో వరి, పత్తి, మిర్చి పండాయి. చేతిలో డబ్బు ఆడింది, బండి కొనే కుటుంబాలు పెరిగాయి. కాలవ కట్టే రోడ్డయింది. ఆ రోడ్డు చాలా దూరం తిన్నగా పోయి, తూము దగ్గరో ఇరుకు వంతెన దగ్గరో ఒక్కసారిగా తిరుగుతుంది. కింద కంకర, వానొస్తే రేగడి బురద. కొత్తగా నేర్చుకునేవాడికి అంతకంటే కఠినమైన పరీక్ష ఇంకోటి ఉండదు.

బండ్ల తీరు కూడా తలా ఒక రకం. ఆనాటి బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద. జావాకు గేరు రాడ్డే కిక్ రాడ్డు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌కు గేర్లు ఎడమ పిడిలో, ఇంజను కుడి పక్క, చక్రాలు చిన్నవి. ఒక బండి మీద అలవాటైన కాలు ఇంకో బండి ఎక్కితే మోసం చేసేది. బుల్లెట్ దిగి హీరో హోండా ఎక్కినవాడు బ్రేకనుకుని గేరు తొక్కిన సందర్భాలు మన ఊళ్లలో ఇంటికొకటి చెబుతారు. చేతక్‌ను కంకర మీద తిప్పడం మరీ కష్టం. చిన్న చక్రం గుంటలో దిగితే లేవదు, కుడి పక్క బరువు బండిని అటే లాగుతుంది.

చేతక్ రోజుల్లోనే లూనా, 1980లో టీవీఎస్ ఫిఫ్టీ వచ్చాయి. పల్నాడులో నెమ్మదిగా బండి నడపడం ఎవరికైనా నిజంగా వచ్చిందంటే ఈ చిన్న బండ్ల వాళ్లకే. కాళ్ల మధ్య మిర్చి బస్తా పెట్టుకుని, వెనక అటూ ఇటూ పాల క్యాన్లు వేలాడదీసుకుని సంత బజారులో తిరిగే మనిషిని గమనించండి. కాలు కింద పెట్టే వీలు లేదు. మలుపుకు ముందే వేగం చంపుకుంటాడు, తల తిప్పి ఎటు పోవాలో అటే చూస్తాడు, బండి లోపలికి వాలితే తాను కొద్దిగా బయటికి జరుగుతాడు. సగం నిండిన క్యాను నిండు క్యాను కంటే ప్రమాదమని కూడా అతనికి తెలుసు. పాలు ఒక పక్కకు కొట్టుకుని వచ్చి, సరిగ్గా మలుపు మధ్యలో బండిని గుంజుతాయి. నెమ్మది మలుపు గురించి అమెరికాలో పోలీసులకు ట్రాఫిక్ శంకులు పెట్టి నేర్పే పాఠం కూడా ఇదే.

ఆ చిన్న బండి మనిషే చెప్పే ఒక మాట మాత్రం మన ప్రాంతానికి చాలా నష్టం చేసింది. "ముందు బ్రేకు పట్టకు, పడతావు." తండ్రి కొడుక్కి, మెకానిక్ కుర్రాడికి, మామ అల్లుడికి తరాలుగా చెబుతూ వచ్చిన మాట ఇది. ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. కంకర మీద, బురద మీద, హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం బిగుసుకుని బండి పక్కకు జారిపోతుంది. కాలవ కట్ట మీద ఆ మాట ప్రాణం కాపాడింది. కానీ తారు రోడ్డు వచ్చాక కూడా అదే మాట నిలిచిపోయింది. పొడి తారు మీద తిన్నగా పోతున్నప్పుడు బ్రేకు పడితే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, కాబట్టి ఆపే శక్తిలో పెద్ద వాటా దానిదే. వెనక బ్రేకునే నమ్ముకుంటే వెనక చక్రం ఈడ్చుకుపోతుంది, బండి మాత్రం ఆగదు. 

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 1981లో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్వయంగా పరిశీలించి నివేదిక ఇచ్చింది. ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్లలో నూటికి 92 మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కారు, ముందు బ్రేకు సరిగా పట్టలేదు. ప్రమాదం కనిపించాక చేతిలో ఉన్నది రెండు సెకన్ల లోపే. హ్యాండిల్ నెట్టి బండిని పక్కకు తప్పించడం వాళ్లలో దాదాపు ఎవరికీ రాదు.

ఆ నెట్టడం సంగతి వింతగా ఉంటుంది. విమానం కనిపెట్టిన విల్బర్ రైట్ అంతకుముందు సైకిళ్ల వ్యాపారి. ఎడమకు ఎలా తిరుగుతావని ఎంతోమంది సైకిలిస్టులను అడిగి చూశాడు, ఒక్కరూ సరిగా చెప్పలేదు. నిజానికి ఎడమకు పోవాలంటే హ్యాండిల్‌ను ముందు క్షణంసేపు కుడికి తిప్పుతాం. అప్పుడే బండి ఎడమకు వాలుతుంది. మనం వేగంగా పోతూ ఎడమ పిడిని ముందుకు మెల్లగా నెడితే జరిగేది ఇదే. నడక వేగంలో మాత్రం లెక్క మారుతుంది, ఎటు తిప్పితే అటే పోతుంది. వేగపు మలుపు వేరు, నెమ్మది మలుపు వేరు. మనకు ఈ రెండింటి తేడా చెప్పినవాళ్లు లేరు.

ప్రభుత్వం చెప్పిన పాఠం ఒకే ఒక్కటి: ఎనిమిది. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది, ఆ ఏడాది కేంద్ర నిబంధనల్లో డ్రైవింగ్ పరీక్ష ఎలా ఉండాలో రాశారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు ఎనిమిది అంకె మీద కాలు దించకుండా బండి తిప్పడం మనందరికీ గుర్తుండే ఘట్టం. ఆ అంకెలో చాలా తెలివి ఉంది. ఎడమ మలుపు, కుడి మలుపు, రెండూ కలిసేచోట బండి ఒక వాలు నుంచి ఇంకో వాలుకు మారడం, అంతసేపూ హాఫ్ క్లచ్ మీద నడవడం అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ పరీక్షకు ముందురోజు సాయంత్రం నేర్చుకుని, లైసెన్సు చేతికొచ్చిన రోజున దాన్ని మరిచిపోతాం. జీవితమంతా వాడుకోవాల్సిన సాధనను ఒక్క పూటతో ముగించేస్తున్నాం.

ఈలోగా బండ్లు మారిపోయాయి. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. మొదటిది పొలాల దాకా పోయింది, రెండోది కుర్రాళ్లకు వేగం రుచి చూపించింది. 2001లో పల్సర్‌తో మామూలు ఇంటి కుర్రాడి చేతికి ముందు డిస్క్ బ్రేకు వచ్చింది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా నాలుగు వరుసలైంది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ, బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మంచిదే. అయితే మామూలు ఏబీఎస్ తిన్నగా పోతున్నప్పుడు కాపాడినంతగా, వాలి తిరుగుతున్నప్పుడు కాపాడదు. బండికి నేర్పించాం, మనిషికి నేర్పలేదు.

కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద దీని ఫలితం కళ్లారా చూడవచ్చు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు, మలుపులోకి వెళ్లాక బ్రేకు పట్టేవాళ్లు, భయంతో లోయ వైపే చూస్తూ అటే పోయేవాళ్లు. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అనుకుందాం. 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండి సుమారు 20 డిగ్రీలు వాలితే చాలు. 40తో అయితే 32 డిగ్రీలు. 60తో అయితే 55 డిగ్రీలు వాలాలి, మన మామూలు టైరుకు అంత పట్టు ఉండదు. వేగం రెట్టింపైతే బయటికి తోసే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే మలుపు పని మలుపుకు ముందే అయిపోవాలి. తిన్నగా ఉండగానే రెండు బ్రేకులతో వేగం తగ్గించు, కింది గేరు వెయ్యి, మలుపు చివర ఎక్కడుందో అటు తల తిప్పు, తర్వాత రేస్ సన్నగా, నిలకడగా ఇస్తూ బయటికి రా.

ఈ చదువు పద్ధతిగా చెప్పే చోట్లు దేశంలో లేకపోలేదు. మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ 1990 నుంచి ఉంది. కీత్ కోడ్ 1980లో కాలిఫోర్నియాలో పెట్టిన బైకు శిక్షణ బడి అక్కడికి కూడా వచ్చి మలుపు పాఠాలు చెప్పింది. కానీ గురజాల కుర్రాడు మద్రాసు దాకా పోయి ఫీజు కట్టలేడు. పోవాల్సిన అవసరమూ లేదు.

కాలేజీ ప్రిన్సిపాళ్లకు, ఊరి పెద్దలకు, కుర్రాళ్లకు నా విన్నపం ఇదే. ఆదివారం పొద్దున గ్రౌండు తాళం తీయండి. పిడుగురాళ్ల సున్నం రెండు బస్తాలు తెచ్చి నేల మీద పెద్ద ఎనిమిది గీయండి. హెల్మెట్ పెట్టుకుని, మొదటి గేరులో, హాఫ్ క్లచ్ మీద, వెనక బ్రేకు కొద్దిగా తొక్కి పెట్టి పది చుట్లు తిరగండి. స్కూటీ అయితే క్లచ్ ఉండదు కాబట్టి సన్నగా రేస్ ఇస్తూ వెనక బ్రేకుతోనే అదుపు చేయండి. కాలు దిగకుండా పది చుట్లు అయ్యాక ఎనిమిదిని కొంచెం చిన్నది చేయండి. తర్వాత తిన్నటి గీత గీసి, పొడి నేల మీద, నిటారుగా ఉన్న బండితో ముందు బ్రేకును కొద్దికొద్దిగా పిండుతూ ఆగడం నేర్చుకోండి. ఆడపిల్లల్ని కూడా పిలవండి. చివర్లో స్లో బైక్ రేస్ పెట్టండి, ఆఖరున వచ్చినవాళ్లకు బహుమతి ఇవ్వండి.