గేమింగ్ కంప్యూటర్: కంపెనీది కొనాలా, అసెంబుల్ చేయించుకోవాలా?



ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చాక మన బడి ఆఫీసుకు వచ్చే ప్రశ్నల్లో ఇది ఒకటి. మొన్న బాగేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి ఇట్లా అడిగినారు: "సార్, మార్కులు బాగా తెస్తే కంప్యూటర్ ఇప్పిస్తానని మావాడికి మాట ఇచ్చేసినా. ఇప్పుడు గేమింగ్‌దే కావాలంటాడు. ఒక అంగట్లో కంపెనీది కొనమంటారు, ఇంకో అంగట్లో అసెంబుల్ చేసిస్తామంటారు. టమాటా దుడ్లు చేతిలో ఉన్నప్పుడే కొనాల. ఏది కొనేది?"

ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అందరికీ ఉపయోగపడేటట్టు ఇక్కడ రాస్తున్నాను. దాచిపెట్టుకోండి, కొనేటప్పుడు తీసి చూడండి.

నేనూ ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణే. మా ఇంటికి ఒక అంగట్లో కంప్యూటర్ అసెంబుల్ చేయించినాను. ధర తగ్గించమని నేనే పట్టుబట్టినాను. అంగడాయన తగ్గించినాడు, కానీ లోపల ఎస్‌ఎంపీఎస్ మార్చి తగ్గించినాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎనిమిది నెలలకు ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు అది కాలిపోయింది, దానితోపాటు మదర్‌బోర్డూ పోయింది. తెల్ల కాగితం మీద రాసిచ్చిన లెక్క తప్ప నా దగ్గర బిల్లు లేదు. అందుకే కింద బిల్లు గురించి, ఎస్‌ఎంపీఎస్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను.

ఉన్నవి మూడు దారులు

1. బ్రాండెడ్: కంపెనీ ఫ్యాక్టరీలో బిగించి, విండోస్ వేసి, డబ్బాలో పెట్టి అమ్మేది.
2. అసెంబుల్డ్: భాగాలు మీరు ఎంచుకుంటారు, అంగడివాళ్లు బిగించి ఇస్తారు. మన వైపు ఎక్కువమంది బెంగళూరు ఎస్‌.పి. రోడ్డుకు పోయేది దీనికే. హైదరాబాదు వైపువాళ్లు సికింద్రాబాదులోని సీటీసీకి పోతారు.
3. సొంతంగా బిగించుకోవడం: భాగాలు కొని తెచ్చుకుని ఇంట్లో పిల్లలే కూర్చుకోవడం.

ఇట్లా విడి భాగాలతో చేసుకునే వీలు ఎట్లా వచ్చిందంటే, 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ఎక్కువగా బయట దొరికే భాగాలతోనే తయారుచేసింది. తర్వాత ఇతర కంపెనీలూ అదే పద్ధతిలో చేయసాగాయి. 1984లో మైకేల్ డెల్ కాలేజీ హాస్టల్ గదిలో కంప్యూటర్లు కూర్చి అమ్మడం మొదలుపెట్టినాడు. అంటే ఈరోజు పెద్ద బ్రాండు అనుకునేదీ ఒకప్పుడు అసెంబుల్డే.

లోపల ఏముంటాయి, ఏవి దేనికి సరిపోవాలి

ప్రాసెసర్: లెక్కలన్నీ చేసేది. ఇంటెల్, ఏఎండీ అని రెండు కంపెనీలవి దొరుకుతాయి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుంటే తెర మీద బొమ్మే రాదు.

మదర్‌బోర్డు: అన్నిటినీ కలిపేది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కలవాలి. ఏఎండీ ఏఎం4 ప్రాసెసర్ ఏఎం5 బోర్డులో పట్టదు. ఇంటెల్ 12, 13, 14వ తరాలు ఎల్‌జీఏ1700 సాకెట్‌వి.

ర్యామ్: డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు రకాలు. వాటి గాటు వేరే చోట ఉంటుంది, ఒకటి ఇంకోదాంట్లో దిగదు. ఏఎం5 బోర్డుకు డీడీఆర్5 మాత్రమే. గేమింగ్‌కు 16 జీబీ పెట్టుకోవచ్చు. ఒకే 16 జీబీ ముక్క కంటే 8 జీబీవి రెండు పెడితే వేగం బాగుంటుంది.

గ్రాఫిక్స్ కార్డు: ఆటకు ప్రాణం ఇదే. గేమింగ్ కంప్యూటర్ ఖర్చులో ఎక్కువ భాగం సాధారణంగా దీనికే పోతుంది. పిల్లలకు ఒక మాట: ఇట్లాంటి చిప్పుల తయారీలో పేరుపడ్డ రాజా కోడూరి తెలుగువారే. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి ఏఎండీ, ఆపిల్, ఇంటెల్ కంపెనీల్లో గ్రాఫిక్స్ విభాగాల్లో పెద్ద బాధ్యతలు చూసినారు. ఆట ఆడేటప్పుడు ఆ చిప్పు ఎట్లా పని చేస్తుందో కూడా ఆలోచించండి.

ఎస్‌ఎస్‌డీ: ఆటలు, ఫైళ్లు ఉండే చోటు. ఇప్పటి పెద్ద ఆటలు ఒక్కొక్కటి 100 జీబీ దాటుతున్నాయి. 1 టీబీ తీసుకుంటే మళ్లీ మళ్లీ తుడిచే పని తప్పుతుంది.

ఎస్‌ఎంపీఎస్: గోడ కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చేది. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటుంది, దానికి మొత్తం కంప్యూటర్‌కు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమని కార్డు కంపెనీయే చెప్తుంది. '80 ప్లస్' ముద్ర ఉందా చూడండి. ఆ ముద్ర కరెంటు వృథా తక్కువని చెప్తుంది, అంతే. గట్టితనం కోసం పేరున్న కంపెనీ, ఎక్కువ ఏళ్ల వారంటీ చూడాలి.

క్యాబినెట్: రంగు లైట్లు కాదు, గాలి ముఖ్యం. ముందు భాగం మొత్తం గాజు మూసేసి ఉంటే మన ఏప్రిల్ ఎండలకు లోపల కాగిపోతుంది.

బ్రాండెడ్: మంచి, చెడు

మంచి ఏమంటే, మొత్తం యంత్రానికి ఒకటే వారంటీ. ఏ భాగం పోయిందో మీరు కనిపెట్టనక్కర లేదు, ఒక్క నంబరుకు ఫోన్ చేస్తే చాలు. విండోస్ లైసెన్సు ధర సాధారణంగా అందులోనే కలిసి ఉంటుంది. విడి భాగాల ధరలు ఎగిరినప్పుడు ఒక్కోసారి ఇదే చౌక పడుతుంది. 2021 ప్రాంతంలో గ్రాఫిక్స్ కార్డుల కరువు వచ్చినప్పుడు అట్లా జరిగింది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే కొనే వారంలోనే రెండు ధరలూ పక్కపక్కన రాసి చూడండి. పోయిన ఏడాది ఎవరో చెప్పిన ధర నమ్ముకోవద్దు.

చెడు ఏమంటే, పేరు గొప్పగా చెప్పే భాగాలు బాగుంటాయి, పేరు చెప్పని భాగాల్లో మిగిలించుకుంటారు. ప్రకటనలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు పేరే ఉండదు. ర్యామ్ ఒకే ముక్క పెట్టి ఇస్తారు. కొన్ని మోడళ్లలో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. రెండేళ్ల తర్వాత పెద్ద కార్డు వేద్దామంటే పట్టదు.

అంగట్లో అడగాల్సిన మూడు ప్రశ్నలు: ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు, ఏ కంపెనీది? ర్యామ్‌కు ఖాళీ స్లాట్ ఉందా? మా ఊరి పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి చూసే సర్వీసు ఉందా? మూడోది చాలా ముఖ్యం. బాగేపల్లి నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, చింతామణి నుంచి సుమారు 75. యంత్రాన్ని బస్సులో పెట్టుకుని రెండుసార్లు తిరిగితే మీ రోజు కూలి, ఛార్జీలు కలిపి ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

అసెంబుల్డ్: మంచి, చెడు

మంచి ఏమంటే, ప్రతి రూపాయి ఎక్కడ పోతుందో మీకు తెలుస్తుంది. ఒక్కో భాగానికి విడి వారంటీ ఉంటుంది. డబ్బాలో వచ్చే ప్రాసెసర్‌కు సాధారణంగా 3 ఏళ్లు, మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు 5 ఏళ్లు, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. ఈ ఏడాది ప్రాసెసర్‌తో సరిపెట్టుకుని, వచ్చే ఏడాది గ్రాఫిక్స్ కార్డు వేసుకోవచ్చు. సేద్యం చేసే ఇళ్లకు ఇది పెద్ద సౌకర్యం, మన చేతికి దుడ్లు పంట పంటకే కదా వచ్చేది.

చెడు ఏమంటే, పాడైనప్పుడు ఏది పాడైందో మీరే తేల్చాలి, ఆ భాగాన్ని ఆ కంపెనీ సర్వీసుకు మీరే చేర్చాలి. విండోస్ ధర కొటేషన్‌లో సాధారణంగా ఉండదు. "ఫ్రీగా వేసిస్తాం" అంటే అది లైసెన్సు లేనిదని అర్థం చేసుకోండి.

మోసపోకుండా ఉండాలంటే:

- కొటేషన్‌లో ప్రతి భాగానికీ కంపెనీ పేరు, మోడల్ నంబరు రాయించండి. "600 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" అని మాత్రం రాస్తే చాలదు.
- కంప్యూటర్‌కైనా భాగాలకైనా జీఎస్‌టీ 18 శాతం. "బిల్లు లేకుండా తగ్గిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. బిల్లు మీద సీరియల్ నంబర్లు ఉండాలి.
- భాగాల ఖాళీ డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకోండి.
- డబ్బా లేకుండా విడిగా ఇచ్చే ప్రాసెసర్‌ను ట్రే ప్రాసెసర్ అంటారు. దానికి తయారీ కంపెనీ వారంటీ మీకు రాదు.
- సెకండ్ హ్యాండ్ కార్డుతో జాగ్రత్త. 2022 సెప్టెంబరు వరకు ఎథీరియం అనే క్రిప్టో నాణెం కోసం రాత్రింబగళ్లు నడిపిన కార్డులు ఎన్నో ఉన్నాయి.
- పాత ఆఫీసు కంప్యూటర్‌కు కార్డు తగిలించి "గేమింగ్" అని అమ్ముతారు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస లేదా ఆ తర్వాతివి కావాలి.

పిల్లలే బిగిస్తే

తొమ్మిది, పది తరగతుల పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని చేయగలిగిన పనే ఇది. ఒక స్క్రూడ్రైవర్, ఒక మధ్యాహ్నం చాలు. ముట్టుకునే ముందు చేతిలోని స్థిర విద్యుత్తు పోయేటట్టు ఒక లోహపు వస్తువును తాకండి. సాకెట్ పిన్నులను వేలితో తాకవద్దు. ప్రాసెసర్ మీద బాణం గుర్తు, సాకెట్ మీద గుర్తు కలిపి ఊరికే దించండి, నొక్కవద్దు. ర్యామ్ రెండు వైపులా టిక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కండి. మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకు తగిలించాలి. ఈ తప్పు పెద్దవాళ్లూ చేస్తారు. ఒక్క మాట మాత్రం ఎప్పుడూ దాటవద్దు: ఎస్‌ఎంపీఎస్ పెట్టెను విప్పకూడదు. ప్లగ్ తీసేసినా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

కరెంటు సంగతి

రెండు దారుల్లోనూ ఇది ఒకటే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్‌దా, స్క్వేర్ వేవ్‌దా చూడండి. ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని స్క్వేర్ వేవ్ మీద సరిగా నడవవు. చాలా ఇన్వర్టర్లకు వెనక 'యూపీఎస్ మోడ్' స్విచ్ ఉంటుంది, అది వేయకుంటే కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ ఆరిపోతుంది. ఎర్తింగ్ లేని ప్లగ్‌లో పెట్టవద్దు.

ఇక బిల్లు. ఆట ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 300 వాట్లు అనుకుంటే, రోజుకు 3 గంటలకు 0.9 యూనిట్, నెలకు 27 యూనిట్లు. గృహజ్యోతిలో మీ ఇంటికి నిర్ణయించిన యూనిట్లు దాటితే ఆ దాటినదానికి కట్టాలి. 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఇప్పటికే 180 దగ్గర ఉన్న ఇల్లు ఈ కంప్యూటర్‌తో గీత దాటుతుంది. ఈ నెల బిల్లు ఒకసారి తీసి చూడండి.

ఆటల సంగతి

2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనం కూడా ఉంది. మన దేశంలో 2025లో వచ్చిన చట్టం డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కాబట్టి ఫోన్‌పే పిన్, కార్డు వివరాలు ఆ యంత్రంలో దాచవద్దు. కంప్యూటర్ మూల గదిలో కాకుండా నడవలో, నలుగురు తిరిగే చోట పెట్టండి. గంటలు కొనకముందే ఒప్పుకోండి, కొన్నాక మాట వినరు. అదే యంత్రంలో తెలుగు, కన్నడ టైపింగ్ కూడా నేర్చుకోవచ్చు. రెండూ విండోస్‌లోనే ఉన్నాయి, వేరే కొననక్కర లేదు.

ఎవరికి ఏది

ఇంట్లో క్యాబినెట్ విప్పేవాళ్లు ఎవరూ లేరు, మీ పిన్‌కోడ్‌కు ఇంటి సర్వీసు ఉంది: బ్రాండెడ్ తీసుకోండి.

కొంచెం కొంచెంగా పెంచుకోవాలి, తెలిసినవాళ్లు ఒకరున్నారు, బిల్లు పక్కాగా ఇచ్చే అంగడి ఉంది: అసెంబుల్డ్ తీసుకోండి. అంగడివాళ్లు బిగించేటప్పుడు పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టమని అడగండి.

పిల్లకు గానీ పిల్లవాడికి గానీ నిజంగా ఆసక్తి ఉంది: సొంతంగా బిగించనివ్వండి. ఆడపిల్లకు ఎందుకులే అనవద్దు.

పీయూసీకి బయట ఊరి హాస్టల్‌కు పోబోతున్నారు: డెస్క్‌టాప్ ఏదీ వద్దు, ముందు హాస్టల్ నియమాలు అడగండి.

అప్పు చేసి కొనాల్సి వస్తే మాత్రం ఆగండి. గ్రాఫిక్స్ ఉన్న మామూలు ప్రాసెసర్‌తో మొదలుపెట్టినా మైన్‌క్రాఫ్ట్ వంటి తేలిక ఆటలు ఆడుకోవచ్చు, చదువుకూ సరిపోతుంది. కార్డు తర్వాత వేసుకోవచ్చు. పైన చెప్పిన ఆ తండ్రి చివరికి అట్లే చేసినారు. మాట తప్పినట్టూ కాలేదు, వచ్చే పంటకు విత్తనాల దుడ్లూ మిగిలినాయి.

కొటేషన్ చేతిలో ఉంటే శనివారం బడి వదిలాక ఆఫీసుకు తీసుకురండి. అడ్వాన్సు కట్టకముందు తెండి, కట్టినాక కాదు. కూర్చుని ఒక్కో వరుస చదువుదాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు