గయానా: సముద్రమట్టానికి దిగువన ఊళ్లు, వెనుక అంతులేని అడవి

దక్షిణ అమెరికా అనగానే చాలామందికి బ్రెజిల్, అర్జెంటీనాలే గుర్తుకొస్తాయి. ఆ ఖండానికి ఉత్తర అంచున, అట్లాంటిక్ మహాసముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం గయానా. విస్తీర్ణం సుమారు 2,15,000 చదరపు కిలోమీటర్లు. జనాభా మాత్రం దాదాపు 8 లక్షలే. ఆ ఖండంలో ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న ఏకైక దేశం ఇదే. 1966 మే 26న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం పొందింది. దేశంలో 80 శాతానికి పైగా అడవే.

మన దేశంతో బంధం

గయానా జనాభాలో భారత సంతతి వారిదే పెద్ద వాటా, దాదాపు 40 శాతం. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి కూలీలు కరువయ్యారు. దాంతో బ్రిటిష్ వారు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్లారు. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు మొదటి బృందాలతో అక్కడికి చేరాయి. 1917 వరకు రెండు లక్షలకు పైగా మంది ఇలా వెళ్లారు. ఎక్కువ మంది కలకత్తా రేవు నుంచి ఓడ ఎక్కిన భోజ్‌పురి, అవధీ ప్రాంతాల వారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. తరాలు గడిచేకొద్దీ భాష పోయింది గానీ రోటీ, పప్పు, కూర మాత్రం అక్కడి వంటింట్లో నిలిచిపోయాయి.

ఆ కూలీల్లో ముస్లింలు కూడా ఉన్నారు. 2012 జనగణన ప్రకారం జనాభాలో ముస్లింలు సుమారు 7 శాతం. బక్రీద్, మిలాద్ ఉన్ నబీ రోజుల్లో దేశమంతటా ప్రభుత్వ సెలవు. మిలాద్‌ను అక్కడ ‘యూమన్ నబీ’ అంటారు. ఇస్లామిక్ సహకార సంస్థ (ఓఐసీ)లో గయానాకు 1998 నుంచి సభ్యత్వం ఉంది. 2020లో అధ్యక్ష పదవి చేపట్టిన ఇర్ఫాన్ అలీ ముస్లిం.

తీర ప్రాంతం

జనాభాలో దాదాపు 90 శాతం మంది సన్నని తీరపట్టీలోనే ఉంటారు. రాజధాని జార్జ్‌టౌన్ కూడా ఇక్కడే. విచిత్రం ఏమిటంటే, పోటు సమయంలో ఈ నేల సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ పాలించిన డచ్చివారు తమ దేశంలో లాగే గట్లు కట్టి, కాలువలు తవ్వారు. కాలువ సముద్రంలో కలిసే చోట ‘కోకర్’ అనే తూము ఉంటుంది. ఆటు వచ్చినప్పుడు తలుపు ఎత్తి నీటిని వదులుతారు, పోటు రాగానే దించేస్తారు. వరి, చెరకు పొలాలకూ, ఊళ్లకూ రక్షణ ఇదే. 2005 జనవరిలో కుండపోత వానలకు ఈ తీరంలో చాలా ప్రాంతం రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయింది.

వాయవ్యాన ఉన్న షెల్ బీచ్‌కు నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆంధ్రా తీరానికి ఏటా వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు వాటిలో ఒకటి.

కైటూర్ జలపాతం

దేశం మధ్యలో పొటారో నదిపై కైటూర్ జలపాతం ఉంది. నీరు ఒక్క ఉదుటున 226 మీటర్ల కిందికి దూకుతుంది. నయాగరా కన్నా నాలుగు రెట్లకు పైగా ఎత్తు. ఎక్కువ మంది జార్జ్‌టౌన్ నుంచి చిన్న విమానంలో వెళ్తారు. అక్కడ పెరిగే పెద్ద బ్రొమీలియాడ్ మొక్కల ఆకుల మధ్య నిలిచిన నీటిలో బొటనవేలంత కూడా లేని బంగారు రంగు కప్ప బతుకుతుంది. దానికి ఆ మొక్కే ఇల్లు. సాయంత్రం కాగానే స్విఫ్ట్ పక్షులు గుంపులుగా జలధార వెనుక ఉన్న రాతిగోడకు చేరుకుంటాయి.

ఇవోక్రామా అడవి

దేశం నడిబొడ్డున 3,71,000 హెక్టార్ల ఇవోక్రామా అడవి ఉంది. అడవిని నాశనం చేయకుండా దాని మీద ఎలా బతకవచ్చో ప్రపంచానికి చూపించాలని 1989లో గయానా దీన్ని కామన్వెల్త్ ముందు పెట్టింది. జాగ్వార్, కోతుల్ని ఎత్తుకుపోయే హార్పీ గద్ద, ఎర్రముఖం స్పైడర్ కోతి ఇక్కడి ప్రాణులు. చెట్ల కొమ్మల ఎత్తున వేలాడే వంతెనపై నడుస్తూ పక్షులను చూడవచ్చు.

రుపునూని గడ్డిభూములు

దక్షిణాన బ్రెజిల్ సరిహద్దు దాకా రుపునూని గడ్డిభూములు పరుచుకుని ఉంటాయి. మకూషీ, వపిషానా వంటి ఆదివాసులు ఇక్కడ ఉంటారు. భారీ చీమలబక్షి, ఆరడుగుల నీటికుక్క, నల్ల మొసలి ఇక్కడ కనిపిస్తాయి. మూడు మీటర్ల వరకు పెరిగే అరపైమా చేప గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది. వేట ఎక్కువై దాని సంఖ్య బాగా పడిపోయింది. అప్పుడు స్థానిక మత్స్యకారులే పైకి వచ్చే చేపలను లెక్కపెట్టడం నేర్చుకుని, వేటను కట్టడి చేశారు. చేపలు మళ్లీ పెరిగాయి.

జాతీయ పక్షి హోట్జిన్‌ది మరో వింత. దీని పిల్లల రెక్కలకు గోళ్లు ఉంటాయి. ఆపద వస్తే నీటిలోకి దూకి, మళ్లీ ఆ గోళ్లతో చెట్టెక్కుతాయి.

ముందున్న పరీక్ష

2015లో తీరానికి దూరంగా సముద్రంలో భారీ చమురు నిల్వలు బయటపడ్డాయి. 2019 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది. పేద దేశానికి ఒక్కసారిగా డబ్బు వచ్చింది. మరోపక్క బంగారు గనుల్లో వాడే పాదరసం నదుల్లో కలిసి, చేపల ద్వారా ఆదివాసుల ఒంట్లోకి చేరుతోంది. దేశంలో మూడింట రెండు వంతులున్న ఎసెకీబో ప్రాంతం తనదేనని వెనెజులా అంటోంది. ఈ కేసు అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరింది.

అన్నింటికన్నా పెద్ద ప్రశ్న సముద్రానిదే. చమురును మండిస్తే భూమి వేడెక్కుతుంది, సముద్రమట్టం పెరుగుతుంది. అలా పెరిగితే ముందు మునిగేది కోకర్ల వెనుక ఉన్న ఈ ఊళ్లే. చమురు డబ్బుతో గట్లు గట్టిపడతాయా, అడవి నిలుస్తుందా అన్నదాని మీదే అక్కడి పిల్లల భవిష్యత్తు ఆధారపడి ఉంది.