ఇంజిన్ కింది రబ్బరు ముక్క: ఒక తారీఖ్

రివర్స్ గేరు వేసి క్లచ్ వదలగానే కారు కింద ఎవరో సుత్తితో ఒక్క దెబ్బ వేసినట్టు ‘ధబ్’మని ఆవాజ్. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగూ సీటూ సన్నగా వణకడం, ఏసీ వేస్తే ఆ వణుకు ఇంకాస్త పెరగడం. పోయిన ఏడాది మా పాత కారుకు పట్టిన బీమారీ ఇది. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే ముందు షాకబ్సార్బర్లు రెండూ మార్చేశారు. జేబు ఖాళీ అయింది, ఆవాజ్ మాత్రం అలాగే ఉంది.

ఆఖరుకు మా మొహల్లాలో ఉన్న పెద్దవయసు మిస్త్రీ చాచా దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కారు నడపలేదు, కంప్యూటర్ పెట్టలేదు. బానెట్ ఎత్తి, కారుకు ఎదురుగా కాకుండా పక్కకు జరిగి నిలబడ్డారు. “మియా, హ్యాండ్‌బ్రేక్ ఖీంచో, బ్రేక్ పూరా దబావ్. ఫస్ట్ మే డాల్కే క్లచ్ జరా ఛోడో” అన్నారు. కొద్దిగా వదిలాను. ఇంజిన్ మొత్తం ఒక వైపుకు ఎగిరి మళ్లీ కూర్చుంది. రివర్స్‌లో వేయమన్నారు. ఈసారి రెండో వైపుకు ఊగి ‘ధబ్’మంది. “మౌంటింగ్ గయా” అన్నారు. అయిపోయింది పరీక్ష.

ఇంజిన్‌ను కారుకు కలిపి పట్టుకునే ఇనుప పట్టీల మధ్య ఉండే రబ్బరు దిమ్మనే మౌంటింగ్ అంటారు. చేతిలో పట్టేంత వస్తువు. నాలాంటి సహాఫీకి ఏదైనా చేతికి చిక్కితే దాని తారీఖ్ వెతకడం అలవాటు. (తెలుగులో తారీఖు అంటే తేదీ, ఉర్దూలో చరిత్ర కూడా. ఇక్కడ రెండూ పనికొస్తాయి.)

మొదటి జమానా కార్లలో చాలావాటికి ఇంజిన్‌ను ఫ్రేముకు నేరుగా బోల్టులతో బిగించేవారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు పుట్టుకతోనే ఒక ఐబ్ ఉంది. పిస్టన్లు రెండు పైకి, రెండు కిందికి పోతున్నా వాటి వేగాల్లో ఫర్క్ ఉంటుంది కాబట్టి అది ఒక్క చుట్టుకు రెండుసార్లు వణుకుతుంది. పైగా ఒక్కో సిలిండర్ మండినప్పుడల్లా ఇంజిన్ పక్కకు ఒరగాలని చూస్తుంది. ఆ వణుకంతా ఫ్రేములోకి, అక్కడినుంచి సీట్లోకి, కూర్చున్నవాడి ఎముకల్లోకి వచ్చేది. సుఖంగా వెళ్లాలంటే ఆరు సిలిండర్లో ఎనిమిది సిలిండర్లో ఉన్న గాడీ కొనుక్కోవాలి. అంటే పైసలున్నవాళ్ల ఆరామ్ అది.

1929లో షెవ్రొలే ఆరు సిలిండర్ల కారును చవక ధరకు తెచ్చింది. క్రైస్లర్ కంపెనీవాళ్ల చవక కారు ప్లిమత్‌కు ఉన్నవి నాలుగే. కొత్త ఇంజిన్ చేయాలంటే ఖర్చు, చేయకపోతే బజారు చేజారుతుంది. వాళ్ల ఇంజినీర్లు ఇంజిన్ జోలికి పోకుండా అది కూర్చునే తీరును మార్చారు. 1931 జులైలో వచ్చిన ప్లిమత్ పీఏ మోడల్లో ఇంజిన్ ముందువైపు పైన ఒక చోట, గేర్‌బాక్స్ వెనక కింద ఒక చోట రబ్బరు మీద కూర్చుంది. ఈ రెండు చోట్లనూ కలుపుతూ గీత గీస్తే అది ఇంజిన్ బరువు కేంద్రం గుండా పోతుంది. ఆ గీత చుట్టూ ఇంజిన్ తన ఇష్టప్రకారం ఊగుతుంది, మరీ ఊగకుండా పక్కన ఒక పట్టీ స్ప్రింగు ఆపుతుంది. దీనికి ‘ఫ్లోటింగ్ పవర్’ అని నామకరణం చేశారు. నాకు ఈ తర్కీబ్‌లో నచ్చింది ఒకటే: వణుకును ఆపాలని చూడలేదు, వణకనిచ్చి, మనదాకా రాకుండా చేశారు.

వాల్టర్ క్రైస్లర్ ఆ కొత్త ప్లిమత్‌ను తన రఖీబ్ హెన్రీ ఫోర్డ్ దగ్గరికే నడుపుకుంటూ వెళ్లి, ఆయనకూ కొడుకు ఎడ్సెల్‌కూ చూపించి, కారును అక్కడే వదిలేసి టాక్సీలో ఇంటికెళ్లాడని ఒక కిస్సా ఉంది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఈ పద్ధతి హక్కులు కొనుక్కుంది. 1932 నుంచి కొన్నేళ్లు ఆ కంపెనీ కార్ల గుర్తు మీద నీళ్లలో తేలే హంస బొమ్మ కనబడేది. ఇంజిన్ హంసలా తేలుతోందని ఆ ఇషారా.

ఇంజిన్ ఎంత వణుకుతోందో నడిపేవాడికి తెలియకుండా చేయడమే ఈ రబ్బరు కమాల్. దాని ఖతరా కూడా అదే. అది 1960ల అమెరికాలో బయటపడింది.

అప్పటికి అక్కడి కార్లలో వీ8 ఇంజిన్లు, వాటికి తగ్గ తాకత్. షెవ్రొలే కార్లలో మౌంటింగ్ రబ్బరు ఇనుప పలకల నుంచి ఊడి వచ్చేది. రబ్బరును, ఇనుమును వేడితో అతికించి చేసిన జోడు అది. ఇంజిన్ వేడి, కారే ఆయిల్, ఏళ్ల తరబడి గుంజులాట, మూడూ కలిస్తే ఆ అతుకు వదులుతుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు అలాంటి ఇంజిన్ ఎడమవైపు పైకి లేస్తుంది. ఎడమ మౌంటింగ్ ఊడిపోయి ఉంటే దాన్ని పట్టి ఆపేదేమీ లేదు. అది లేస్తే పెడల్ నుంచి ఇంజిన్‌దాకా ఉన్న కడ్డీల వరస గుంజుకుపోయి థ్రాటిల్ ఇంకా తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఇంజిన్ ఇంకా బలంగా లేస్తుంది. అదే ఊపులో బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ గొట్టం ఊడిపోవచ్చు. అంటే మన కాలు పెడల్ మీద లేకపోయినా కారు దూసుకెళుతుంది, బ్రేకు నొక్కితే రాయిలా బిగుసుకుంటుంది.

ఆ కార్లో ఉన్నవాళ్లను ఊహించండి. యాక్సిడెంట్ అయ్యాక “కారు దానంతట అదే పరుగెత్తింది, బ్రేకు పడలేదు” అంటే ఎవరు నమ్ముతారు? బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కావంటారు. మౌంటింగ్ తెగి ఉందని చూపించినా, గుద్దుకున్నప్పుడు తెగిందనడం తేలిక. తప్పు రబ్బరుది, ఇల్జామ్ మనిషిది.

కంపెనీ మొదట్లో దీన్ని టైరు పంక్చర్‌లాంటి మామూలు తక్లీఫ్‌గా తేల్చేసింది. కానీ 1966లో అమెరికా చేసిన వాహన భద్రతా చట్టం ఉంది, ప్రభుత్వ విచారణ ఉంది, ఫిర్యాదులు ఆగలేదు. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. అప్పటికి ఆ దేశంలో అంత పెద్ద రీకాల్ లేదు. చేసిన మరమ్మతు వింటే మన మిస్త్రీలు నవ్వుతారు: మౌంటింగ్ మార్చడం కాదు, ఇంజిన్ మరీ పైకి లేవకుండా ఒక ఇనుప కేబుల్‌తో కట్టారు. రబ్బరు తెగితే తెగనీ, ఇంజిన్ మాత్రం ఎగరకూడదు! ఆ తర్వాత మౌంటింగులను రబ్బరు ఊడినా ఇనుము ఇనుముకు తట్టుకుని ఆగేలా చేయడం ఆనవాయితీ అయింది. ఇవాళ మన కారు ‘ధబ్’మనడంలో ఆ ఇనుము పాత్ర కూడా ఉంటుంది.

మన దేశంలో క్రైస్లర్ పేరు కొత్తది కాదు. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1940ల్లో బొంబాయి కుర్లాలో ఆ కంపెనీ వాహనాలతోనే పని మొదలుపెట్టింది. అయితే మనలో ఎక్కువమందికి మౌంటింగ్‌తో అసలు ముఖాబలా 1983 చివర్లో మారుతి 800 వచ్చాకే. ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పే బండి అది. ఇలాంటి బండ్లలో చక్రాలను తిప్పే బలమంతా ఎదురుదెబ్బగా మౌంటింగుల మీదే పడుతుంది. ఇంజిన్ ఊగేది కూడా ముందుకూ వెనక్కూ. మారుతిలో ఉన్నవి మూడే సిలిండర్లు కాబట్టి ఖాళీగా నిలిచినప్పుడు దానికి వేరే రకం ఊపు ఉండేది.

ఆవాజ్ వల్ల దోఖా తినడానికి వజా ఇదే. మౌంటింగ్ పోయిన ఇంజిన్ తన వణుకును బాడీకంతటికీ పంచుతుంది. డ్యాష్‌బోర్డులో గిలకలాగా, కాళ్ల కింద మూలుగులాగా, సైలెన్సర్ తగిలినట్టుగా వినిపిస్తుంది. గుంతలో పడ్డప్పుడు మాత్రమే శబ్దమైతే షాకబ్సార్బర్ల మీద షక్ పడొచ్చు. బండి కదలకుండా గేరు మార్చినప్పుడో, క్లచ్ వదిలినప్పుడో, యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడో ‘ధబ్’మంటే ముందు చూడాల్సింది మౌంటింగ్‌నే. ఇప్పటి కార్లలో కొన్నిటికి రబ్బరు లోపల ద్రవం కూడా ఉంటుంది, అలాంటిది పగిలితే కింద నల్లటి మరక కనిపిస్తుంది.

మా కారుది మామూలు రబ్బరే. చాచా కింద జాక్ పెట్టి, మధ్యలో చెక్కముక్క ఉంచి, ఇంజిన్ బరువు దాని మీద నిలబెట్టి పాతదాన్ని విప్పారు. రబ్బరు మధ్యకు చీలి, తడిగా, వేలితో నొక్కితే జిగటగా ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి పైకి చూపించారు. ట్యాపెట్ కవర్ గాస్కెట్ నుంచి సన్నగా ఆయిల్ కారుతోంది, ఎన్నాళ్లుగానో. “పహెలే యే బంద్ కరో మియా” అన్నారు, “నహీఁ తో నయా భీ జాతా.” కొత్త మౌంటింగ్ ఆ రోజు బిగించలేదు. గాస్కెట్ తెచ్చాకే రమ్మన్నారు.